మంచుగడ్డల మత్స్యన్యాయము



రోహిణీకార్తెలో రోళ్లు పగులునని పెద్దల మాట. ఆ దినములలో కృష్ణాతీరవాసులమగు మనకు మంచుగడ్డ అమృతఖండము వంటిది. గవర్నరుపేట అంగళ్లలో నిమ్మరసమున వేసి యిచ్చు చిన్న ముక్క మొదలుకొని, కొల్లేటి ప్రాంతపు చేపలను వంగదేశమునకు గొనిపోవు లారీలలో పరచు దంచిన ఐసు వరకు, మంచు మనకు మిత్రుడే. కాని జీవకణమునకు మంచువంటి శత్రువు మరియొకటి లేదు. కణమనగా నీటితో నిండిన సూక్ష్మమైన సంచి. ఆ నీరు గడ్డకట్టి స్ఫటికములుగా పెరిగినప్పుడు కణము నలిగి పగిలి నశించును. అందువలన ధాన్యము నిలువచేసినట్లు జీవించియున్న రక్తమును, అవయవములను ఏండ్ల తరబడి నిలువచేయుట మానవునకు సులభసాధ్యము కాకున్నది.

మంచు పుట్టుటను మాన్పుట కష్టము. కాని పుట్టిన మంచు పెరుగకుండ చేయవచ్చునా? చేయవచ్చునని మొదట చూపినది దక్షిణ ధ్రువసముద్రపు చేప. ఆ చేప విద్యను మానవుడు తెలిసికొనిన విధమును, దానిని అనుకరించుటకై పాలిమరులనెడు పదార్థముల నుపయోగించు విధమును విన్నవించుటయే ఈనాటి ప్రసంగము.

మొదట మంచు పెరుగుట యనగా నేమో తెలియవలెను. బీసెంటు రోడ్డులో కొనిన ఐస్‌క్రీమును ఎండలో ఇంటికి దెచ్చి మరల శీతలపేటికలో నుంచిన గృహిణి నడుగుడు. మరునాడది నాలుకకు వెన్నవలె తగులదు. ఇసుకవలె గరగర లాడును. పదార్థము మారలేదు, పాలు మారలేదు, పంచదార మారలేదు. మారినది మంచురేణువుల పరిమాణము మాత్రమే. తయారైనప్పుడు అసంఖ్యాకములైన సూక్ష్మరేణువులుండెను. కొంచెము కరిగి మరల గడ్డకట్టునప్పటికి చిన్నవి నశించి పెద్దవి మిగిలినవి. పెద్ద చేప చిన్న చేపను మ్రింగుటను మన శాస్త్రకారులు మత్స్యన్యాయ మనిరి. రాజదండము లేనిచోట బలవంతుడు బలహీనుని భక్షించునని చెప్పుటకు వారా దృష్టాంతమును వాడిరి. మంచుగడ్డలలోను ఆ న్యాయమే చెల్లుచున్నది.

దీనికి కారణము సులభముగనే తెలియును. స్ఫటికము నడుమనున్న నీటి అణువునకు అన్ని దిక్కుల బంధువు లుందురు. దాని పట్టు గట్టిది. అంచుననున్న అణువునకు ఒక ప్రక్క మాత్రమే బంధుత్వము. రెండవ ప్రక్క శూన్యము. చిన్న స్ఫటికమునకు నడుము తక్కువ, అంచు ఎక్కువ. అంతియేకాదు; దాని అంచు మిక్కిలి వంపుతిరిగి యుండును. వంపు ఎక్కువైనకొలది అచ్చటి అణువునకు పట్టు తగ్గును. కావున చిన్న స్ఫటికము నుండి అణువులు జారి, ప్రక్కనున్న పెద్ద స్ఫటికమును చేరుచుండును. ఈ వలస నడిగడ్డకట్టిన చలిలో మందముగ సాగును. కరగుటకు దగ్గరపడినప్పుడు వేగముగ సాగును. గడ్డకట్టించిన రక్తమునకును మాంసమునకును కరగించు సమయముననే యెక్కువ హాని కలుగుటకు ఒక ముఖ్యకారణమిదియే. ఈ వంపు సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను; మీదట దీనితో పని యున్నది.

ఇక చేప కథకు వత్తము. సముద్రజలములో ఉప్పుండుటచే నది సున్న డిగ్రీలకడ గడ్డకట్టదు, సుమారు 1.9 డిగ్రీలు దిగువకు పోయినగాని గట్టిపడదు. సామాన్యమైన సముద్రమత్స్యముల రక్తములో ఉప్పు అంతకంటె తక్కువ. కావున వాని రక్తము సున్నకు ఇంచుమించు 0.7 లేక 0.8 డిగ్రీల దిగువననే గడ్డకట్టవలెను. అట్లయిన ధ్రువసముద్రములలో చేపలన్నియు ఏనాడో రాళ్లు కావలసియుండెను. కాలేదు. ఏల?

1957లో షోలాండర్ అను శరీరధర్మశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కెనడా దేశపు లాబ్రడార్ తీరమున ఈ ప్రశ్నను పరీక్షించిరి. అడుగున, మంచు చేరని లోతులలో నుండు చేపలు గడ్డకట్టవలసిన చలిలోను గడ్డకట్టక, కేవలము మంచు తాకకపోవుటచేత బ్రదికియున్నవని తేలినది. వానికి మంచుముక్క తగిలినచో తక్షణమే గట్టిపడి చచ్చుచుండెను. కాని ఉపరితలమున, మంచు నడుమ తిరుగు చేపలు శీతకాలమున మంచు తగిలినను చావలేదు. వాని రక్తములో ఏదో తెలియని వస్తువున్నదని మాత్రము వారు గ్రహించిరి.

ఆ వస్తువును పట్టినవాడు ఆర్థర్ డివ్రీస్ అను అమెరికా దేశీయుడు. ఆయన 1961లో యువకుడుగా దక్షిణ ధ్రువఖండములోని మాక్‌మర్డో స్థావరమునకు బోయెను. పోయిన పని వేరు; చేపలు ప్రాణవాయువు నెంత వినియోగించునో కొలుచుట. కాని కన్నులయెదుట నున్న వింతను విడువలేక, తన పరిశోధనను చేపల రక్తమువైపు మరల్చెను. 1969లో ఆయనయు, గురువగు ఓల్‌ష్లాగ్‌గారును ఆ రహస్యమును ప్రకటించిరి. ఉప్పు మాత్రమే కాక, మాంసకృత్తును శర్కరయు కలసిన యొక పెద్ద అణువు ఆ రక్తములో నున్నది. అలనీన్, అలనీన్, త్రియోనీన్ అను మూడు అమైనో ఆమ్లములు జపమాలలోని పూసలవలె మరల మరల వచ్చుచు, ప్రతి త్రియోనీనునకు రెండు శర్కరల జంట వ్రేలాడుచుండును. ఇట్టి గొలుసులు పొట్టివి, పొడుగువి పలువిధములు. వాని అణుభారము 2,600 మొదలు 33,700 వరకు నుండును.

ఒకే విధమైన చిన్న అంగములు వరుసగా గ్రుచ్చబడి యేర్పడిన దీర్ఘమైన అణువును పాలిమరు అందురు. ప్రత్తిపోగు పాలిమరు, గంజి పాలిమరు, రబ్బరు పాలిమరు. ఈ చేప రక్తములోని మాలయు పాలిమరే.

ఇచ్చట నొక శంక కలుగును. ఉప్పు వేసినను నీరు గడ్డకట్టుట ఆలస్యమగును గదా, దీని విశేషమేమి? ఉప్పు చేయు పని లెక్కను బట్టి నడచును. ఎన్ని రేణువులు కరగినవో అంత ఫలము. ఈ మాలలు ఆ లెక్కకు లోబడవు. తమ సంఖ్యనుబట్టి చేయవలసినదానికి కొన్ని వందల రెట్లు పని చేయును. మరియొక వింత: ఉప్పునీటిలో మంచు కరగు డిగ్రీయు, పెరుగ నారంభించు డిగ్రీయు నొక్కటే. ఈ మాలలున్నచోట కరగు డిగ్రీ దాదాపు మారదు. పెరుగు డిగ్రీ మాత్రము దిగిపోవును. ఆ రెంటి నడుమ మంచు పెరుగక, కరుగక, స్తంభించి యుండును.

దీని కారణమును 1977లో రేమండ్, డివ్రీస్ అనువారు వివరించిరి. మాలలు నీటిలో తేలుచు ఊరకుండవు. మంచుస్ఫటికపు ముఖమునకు పోయి యతుకుకొనును. పెండ్లిపందిరి మీది గుడ్డను ఊహింపుడు. గుంజకు గుంజకు నడుమ దానిని త్రాళ్లతో బిగించియున్నాము. క్రింది నుండి గాలి కొట్టినప్పుడు కట్టినచోట గుడ్డ లేవదు. కట్ల నడుమ మాత్రము బుడగవలె ఉబ్బును. మంచుముఖమున మాలలే కట్లు. పెరుగ జూచు మంచు ఆ కట్ల నడుమ ఉబ్బవలసినదే. ఉబ్బిన ముఖము వంపు తిరిగినది. వంపు తిరిగినచోట అణువునకు పట్టు తక్కువయని యిదివరకే చెప్పితిని. కావున క్రొత్త అణువులు వచ్చి నిలువలేవు, పెరుగుదల ఆగును. ఏ వంపు వలన చిన్న స్ఫటికము పెద్దదానికి ఆహారమగుచున్నదో, ఆ వంపునే పెద్దదాని పెరుగుదలకు అడ్డుకట్టగా చేయుట ఈ మాలల నేర్పు. మత్స్యన్యాయమును మాన్పు ఉపాయము మత్స్యము నందే లభించుట సృష్టిలోని చమత్కారము.

మన వంటయింట దీనికి దూరపు చుట్టము వంటి యుపాయము కలదు. పంచదారపాకము చల్లారి పలుకులు కట్టకుండ నిమ్మరసము పిండుదురు. పులుపు వలన పంచదారలో కొంతభాగము రెండు వేరు శర్కరలుగా విడిపోయి, మిగిలిన పంచదార ఒకటిగా గూడి స్ఫటికము కట్టుటకు అడ్డుపడును. స్ఫటికము పెరుగుటకు సజాతీయుల వరుస కావలెను. నడుమ విజాతీయుడు చేరిన వరుస చెడును. ఇంతవరకు రెంటికిని పోలిక.

ఇప్పుడొక విద్వాంసుని గూర్చి చెప్పవలెను. చార్లెస్ నైట్ అను నాయన అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, వాతావరణ పరిశోధనకై యేర్పడిన జాతీయ కేంద్రములో వడగండ్లను పరిశోధించినవాడు. వడగల్లును పలుచని బిళ్లలుగా కోసి, ప్రత్యేకమైన కాంతిలో చూచి, అందలి స్ఫటికములు ఆకాశమున నెట్లు పెరిగినవో చదువుట ఆయన విద్య. ఆకాశపు మంచు చదివినవానికి సముద్రపు చేపతో నేమి పని? కాని డివ్రీసునకు చేప తెలియును. మంచు నైట్‌నకు తెలియును. వీరిరువురును మరియొక సహచరుడును కలసి 1984లో ప్రకటించిన వ్యాసములో ఒక సంగతిని స్పష్టపరచిరి. ఈ మాలలు క్రొత్త మంచు పుట్టుకను ఆపుటకంటె, ఉన్న స్ఫటికములలో పెద్దవి చిన్నవానిని మ్రింగుటను అత్యల్ప పరిమాణముననే ఆపుచున్నవి.

దానిని కొలుచు పద్ధతిని నైట్ ప్రభృతులు 1988లో వివరించిరి. పరీక్షింపవలసిన ద్రవమును ఒక బొట్టు ఎత్తునుండి అతిశీతలమైన లోహఫలకముపై పడవేయుదురు. అది చితికి, తక్షణమే గడ్డకట్టి, సన్నని బిళ్ల యగును. అందు స్ఫటికములు మిక్కిలి సూక్ష్మములు. ఆ బిళ్లను సున్నకు కొలది డిగ్రీల దిగువనుంచి, కొంతసేపైన పిదప వడగండ్లను చూచిన కాంతిలోనే చూతురు. వట్టినీటి బిళ్లలో స్ఫటికములు బాగుగ పెరిగియుండును. మాలలున్న బిళ్లలో పెరుగవు. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టిచూచు స్థాలీపులాక న్యాయము వంటిదీ పరీక్ష. నేడును ప్రపంచమందలి ప్రయోగశాలలలో దీనిని వాడుచున్నారు. వడగల్లును చూచుటకై నేర్చిన చూపు చేపరక్తమును కొలుచుటకు పనికివచ్చినది.

చేపలలో ఈ మాలను అల్లు జన్యువు సైతము మొదట వేరొక వృత్తిలో నుండినదే. 1997లో చెన్, డివ్రీస్, చెంగ్ అనువారు పరిశోధించి, అది జీర్ణక్రియకు సంబంధించిన ట్రిప్సినోజెన్ జన్యువునుండి పుట్టినదని చూపిరి. అన్నము నరిగించుటకు సాయపడు వస్తువు యొక్క జన్యువులో కొంతభాగము తీసికొని, ప్రకృతి దానిని చలినుండి కాపాడు పనికి నియోగించినది. అయితే ఈ రక్షణకు మూల్యమును గలదు. 2014లో తెలిసినదేమనగా, చేప శరీరములో చిక్కిన మంచు పెరుగకున్నను, మాలలచే పట్టువడి, వేసవిలో నీరు కొంచెము వేడెక్కినప్పుడును కరుగుటకు మొరాయించుచున్నది.

చేపనుండి ఈ వస్తువును తీయుట మిక్కిలి వ్యయసాధ్యము. అదియుగాక చేపల మాంసకృత్తులు అధికమైనచోట స్ఫటికములు సూదులవలె మొనతేలి కణములను గ్రుచ్చవచ్చును. కావున చౌకగా దొరకు పాలిమరు ఏదైన ఈ పని చేయునా యని శాస్త్రజ్ఞులు వెదకిరి. దొరికినది ఎవరెరుగని వస్తువో కాదు, పాలీవినైల్ ఆల్కహాలు. 1924లో జర్మనీలో మొదట తయారైనది. మంగళగిరి నేతగాండ్రు పడుగునకు గంజి పట్టింతురు గదా. మరనేత మిల్లులలో ఆ గంజికి బదులు దీనిని వాడుదురు. జిగురులలోను దీనిని కలుపుదురు. అంగారపు గొలుసునకు ఒకటి విడిచి యొకటిగా ఉదజని ఆమ్లజనుల జంట వ్రేలాడుచుండుట దీని నిర్మాణము. 2003లో జపాను పరిశోధకులు ఇది మంచుముఖమున నతుకుకొని స్ఫటికముల పెరుగుదలను మాన్పుచున్నదని తెలిపిరి. ఆ జంటల నడుమ దూరము మంచుస్ఫటికపు ప్రక్కముఖములలోని అణువుల దూరమునకు సరిపడుచున్నదని 2006లో జర్మనీలో బుడ్కే, కోప్ అనువారు వివరించిరి. తాళముచెవి పండ్లు తాళమునకు సరిపడినట్లు.

గొలుసు పొడవును ముఖ్యమే. పదింటి గొలుసు ఇంచుమించు నిరర్థకము. ఇరువదికి సమీపించినప్పుడు మంచి పని చేయును. ఇది 2013లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయమున గిబ్సన్ ప్రభృతులు తేల్చినది. ఒక్క వ్రేలితో పట్టినచో జారిపోవు వస్తువు పలు వ్రేళ్లతో పట్టిన నిలుచుట మన అనుభవములోనిదే.

ఈ తత్త్వము మంచునకే పరిమితము కాదు. పుష్యమాసపు వేకువను మన యిండ్లలోనే కొబ్బరినూనె గట్టిపడును. ఘోరమైన చలిగల దేశములలో యంత్రములకు వేయు కందెననూనెలలోని మైనము స్ఫటికములై, వలవలె అల్లుకొని, నూనెను పారనీయదు. అట్టి నూనెలో కొలదిగ పాలిమరు చేర్చినచో ఆ స్ఫటికములు అల్లుకొనక నూనె పారుచుండును. కందెనల ప్రస్తావనలో మన జిల్లా బిడ్డను స్మరింపక పోరాదు. 1899లో ఉయ్యూరున జన్మించిన కొలచల సీతారామయ్యగారు అమెరికాలో చదివి, పిదప సోవియట్ దేశమునకు బోయి, అచ్చట కాన్‌స్టాంటిన్ సెర్గెయెవిచ్ రామయ్య యను పేర ఇంధనములు, కందెనలు, యంత్రములు వీని పరస్పర సంబంధమును పరిశోధించి ప్రసిద్ధులైరి. 1977లో దివంగతులైరి. రసాయనశాస్త్రజ్ఞుడు యంత్రశాస్త్రపు గడప దాటి సాధించిన కీర్తి యది.

ఇన్ని చెప్పితిరి, వీనివలన లోకమునకేమి లాభమని శ్రోత లడుగవచ్చును. ఐస్‌క్రీము గరగరలాడకుండుట స్వల్పలాభము. అసలు లాభము ప్రాణమునకు సంబంధించినది.

దాతలిచ్చిన రక్తములోని ఎర్రకణములను శీతలపేటికలో, 2 మొదలు 6 డిగ్రీల వరకు, ఎక్కువలో ఎక్కువ 42 దినములు నిలువచేయుదురు. అటుపైన పారవేయవలసినదే. ఘనీభవింపజేసి పదియేండ్లు నిలుపు పద్ధతియు గలదు; కాని దానికి గ్లిసరిన్ విశేషముగ కలుపవలెను, కరగించిన పిదప ఆ గ్లిసరినును పలుమారులు కడిగి తీయవలెను. అందులకు యంత్రములు, నిపుణులు, కాలము కావలెను. రోగి గడియలు లెక్కించుచున్నప్పుడు కాలమే దొరకదు.

మన దేశమున దీని అవసరము మరింత. 1952లో బొంబాయిలో భెండేగారును సహచరులును ఒక అపూర్వమైన రక్తవర్గమును కనుగొనిరి. దానికి బొంబాయి వర్గమని పేరు. మన దేశమున సుమారు పదివేలమందిలో నొకరికి ఇది యుండునని లెక్క చెప్పుదురు. ఈ వర్గమువారికి ఆ వర్గపు రక్తమే ఎక్కవలెను. సర్వదాతయనిపించుకొన్న ఓ వర్గమువారి రక్తమును పనికిరాదు. శస్త్రచికిత్సకో ప్రసవమునకో వచ్చిన అట్టి వ్యక్తి కొరకు దాత యే యూర నున్నాడో వెదకుట ఎంత కష్టమో ఊహింపుడు. ఏండ్ల క్రిందట తీసి దాచిన రక్తము సులభముగ కరగించి ఎక్కింప వీలైనచో ఆ ప్రాణము నిలుచును.

ఈ యాశకు మొదటి ఆధారము 2014లో వార్విక్‌లోని పరిశోధకులే యిచ్చిరి. నూటికి పదియవవంతు, అనగా వేయింట నొక పాలు, పాలీవినైల్ ఆల్కహాలు చేర్చి, గ్లిసరిన్ లేకయే ఎర్రకణములను గడ్డకట్టించి కరగించిరి. వట్టిగా గడ్డకట్టించినవానిలో కంటె చాల ఎక్కువ కణములు పగులక నిలిచినవి. కరగు సమయములో స్ఫటికములు పెద్దవి కాకుండుటయే దానికి కారణమని వారు చూపిరి. ఇది ప్రయోగశాలలోని ఫలము. ఆసుపత్రి మంచమువరకు వచ్చుటకు ముందు ఆ పదార్థము దేహమున నేమగునో, నిలువయుంచిన కణములు తమ పనిని మునుపటివలె చేయునో, ఓపికతో పరీక్షింపవలెను. రక్తకణములు విడివిడిగా నుండును గాన సులభము; మూత్రపిండము, హృదయము వంటి పెద్ద అవయవములలో చలియు వేడియు అన్ని భాగములకు సమముగ చేరుట కష్టము గాన అది ఇంకను దుర్ఘటము. కాని దారి తెలిసినది. మంచుతో యుద్ధము చేయనక్కరలేదు. అది పెరుగు ముఖమును పట్టి యాపిన చాలును.

ఈ కథలో నాకు మనోహరముగ దోచినది మరియొకటి గలదు. చేపల ఊపిరి కొలువబోయినవాడు రక్తము చదివెను. వడగండ్లు కోసినవాడు చేపలకు కొలమానము నిర్మించెను. పడుగునకు గంజియైనది రక్తమునకు కవచము కాబోవుచున్నది. మా చిన్ననాట వ్యాకరణము చదువువానికి తర్కము, తర్కము చదువువానికి మీమాంస కొంతయైన రావలెనని గురువులు నిర్బంధించెడివారు. ఏ శాస్త్రములోని ముడి ఏ శాస్త్రములో విడునో ముందుగా తెలియదు గాన వారట్లు చేసిరి. నేడు మన బాలురను పదునారవయేటనే ఒక్క శాఖలో నిలిపి, తక్కినవి నీకేలయని తలుపులు మూయుచున్నాము. జీవశాస్త్రము తీసికొన్న బాలిక స్ఫటికములను గూర్చి ప్రశ్నించినచో, అది నీ పాఠము కాదనకుడు. ఆమె చేతనే యొకనాడు మన బెజవాడ ఆసుపత్రిలో బొంబాయి వర్గపు రక్తము సిద్ధముగ నుండవచ్చును.